ఎనిమిదో నంబరు గుంట

ఎలకలున్నాయని కొంపకి నిప్పెట్టుకున్నోణ్ణి చూసి
నవ్వినోణ్ణే నేను.
ఇప్పుడు నా కళ్ళల్లో పసుపు.
గుంట నీళ్ళలోకి వొంగితే
టార్చిలైటు వెలుతుర్లో ఎవురో పెళ్ళికొడుకు.

ఇస్కపల్లి కాడ, ఉప్పుటేరు పక్కన,
రొయ్యల గుంటకి రాత్రి కావలి నాది.
తెల్లమచ్చ దిగిందంటే మాకు ఒకటే మందు:
తూము మూసి బ్లీచింగు కొట్టడం.
రోగమున్న రొయ్యేదో లేని రొయ్యేదో
అడిగే ఓపిక బ్లీచింగుకి ఉండదు.
తెల్లారేసరికి ఏరియేటర్లు ఆగిపోయుంటాయి.
గట్టు మీద కొంగ కూడా వాలదు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చీటీ చూసింది.
"హెపటైటిస్ బి. నలభై ఉండాల్సింది
రెండువేల రెండొందలుంది పోలయ్యా."
"వైరస్సు అంత పని చేసిందా అమ్మా?"
"అదేం చెయ్యలేదు.
రెండు నెలలు అలికిడి లేకుండా కాపరం చేసింది.
కనిపెట్టింది నీ వొంట్లో కావలివాళ్ళు.
కొట్టేది వాళ్ళు. కూలేది నీ ఇల్లు."

మంచమ్మీద కుడి డొక్క కింద చెయ్యి పెట్టుకుంటా.
లోపల నాలాంటోడే ఒకడు
గడప గడపకీ తిరగతా ఉండాడు.
ప్రతి కణమూ తన పొయ్యి మీద ఉడికేదాంట్లో
ఒక మెతుకు గుమ్మం బయట చూపించాలంట.
అన్నం పట్టి చూడ్డానికి ఒక్క మెతుకు చాలు గదా.
తేడా వస్తే ఆ ఇంటికి చావే.

మస్తానమ్మ నేలుసిరి నూరి మజ్జిగలో కలిపిస్తాది.
చేపల పులుసు మాట ఎత్తనియ్యదు.
వాత పెట్టేవోణ్ణి పిలుచుకొచ్చిన వాళ్ళమ్మని
వాకిట్లోనే ఆపింది:
"లోపల కాలింది చాల్లే అమ్మా."

నాలుగో వారం డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది.
అన్ని ఇళ్ళూ తగలబెట్టలేదంట.
శానా గుమ్మాల ముందు నిలబడి
గట్టిగా ఒక కేకేసి ఊరుకున్నారంట కావలోళ్ళు.
ఆ కేకకి ఇంటోళ్ళే లేచి
దొంగని బయటికి గెంటారంట,
గోడ పెచ్చు రాలకుండా.

బ్లీచింగు మూటలు మోసిన భుజం నాది.
శానాసేపు మాట రాలా.

రొయ్యకి జ్ఞాపకం లేదంట,
ప్రతి ఏడూ ఆ తెగులు దానికి కొత్తే.
నా నెత్తురుకి ఉందని
ఆర్నెల్ల తర్వాతి చీటీలో రాసుంది.
వాడి తాళంచెవి మాత్రం ఏ అటక మీదో
ఉండే ఉంటాదంట.
అందుకే కావలి ఎత్తెయ్యరంట.

సరే.
రేపు ఎనిమిదో గుంటలో కొత్త సీడు వదల్తన్నారు.
టార్చిలో బ్యాటరీలు మార్చాల.