హాలీ రూపాయికి రసీదు

ధర్మాబాద్ మిర్చి అడ్తిలో
తుమ్మకుండ ఎవ్వరూ లెక్క చెప్పలేరు.

తాత సందుగు తాళం పగలగొడ్తే
దస్త్రాల అడుగున అరచేతంత కాగితం.
పైన నెలవంక, కింద ఉర్దూ,
నడుమ వంకర తెలుగులో ఒక పేరు:
మామిండ్ల రాజవ్వ. ఒక హాలీ రూపాయి.
ఖిలాఫత్ చందా.
ఫస్లీ పదమూడు వందల ముప్పై.

రాజవ్వ మా తాతకు తల్లి,
మిర్చికి తొడిమలు తీసే కూలి.
వేళ్ళ మంటకు రాత్రిపూట
మజ్జిగ గిన్నెల చేతులు పెట్టుకొని కూసునేదట.
ఎన్ని బస్తాల తొడిమలు
ఒక రూపాయి?

అడిగిందట ఖుద్దూస్ మున్షీని:
"ఎవలయ్యా ఆ ఖలీఫా? ఏ ఊరు?"
"ఇస్తంబోలు."
"బాసర కంటె దూరమా?"
"గోదారి సముద్రంల కలిసినంక, ఇంకా ఆవల."
"అయ్యో, అంత దూరం మిర్చి ఎవరు పంపుతున్నరు పాపం!"
మున్షీ నవ్వి రసీదు రాసిండు.

ఆమె ఇచ్చింది ఖలీఫాకు కాదని నాకనిపిస్తది.
పైస తీసుకోకుండ కొడుక్కు లెక్కలు చెప్పినాయనకు
ఇంకెట్ల ఇయ్యాల్నో తెలువక
ఆయన అడిగిన పేరుకు ఇచ్చింది.

మా తాత కూడికల సున్న మరిచేటోడు.
అందుకే మున్షీ ఆయన్ను సిఫర్ అని పిలిచేటోడు.
"సున్న మీదేరా సిఫర్,
ఇక్కణ్ణుంచే బగ్దాదు పోయింది.
ఖలీఫాల కచేరీల కూసుండి పేరు మార్చుకున్నది.
ఇగో, మళ్ళ నీ పలక మీదికొచ్చింది.
ఈసారన్నా ఇడువకు."

మూడేండ్లకు రైలుల పత్రిక దిగింది.
ఖలీఫా లేడు.
ఆయన కూసునే కుర్చీ కూడ లేదు.
ఆ శుక్రవారం ఖుత్బాల
పేరొచ్చే చోట ఇమాము ఆగిండట.
తొడిమ తీసిన మిర్చికి పైన
చిన్న గుంట మిగుల్తది చూడు,
అట్లాంటి ఆగుడు.

"రూపాయి మునిగిందే రాజవ్వా" అన్నరు తోటి కూలోళ్ళు.
"మున్షీ చేతులనే పెట్టిన. మునిగితే ఆయనే చెప్తడు"
అని తొడిమలు తీసుకుంట కూసున్నదట.

ఖలీఫాలు పోయిన్రు.
కత్తులెంబడి కొన్ని, బేరాలెంబడి కొన్ని
మాటలొచ్చి ఇక్కడనే ఉండిపోయినయి.
ఏది దేని వెంట వచ్చిందో మా అడ్తిల ఎవరికెరుక?
బిలోలి రైతు ఖరీఫు అంటడు, హక్కు అంటడు,
జామీను దొరకలేదని కండ్లు తుడుచుకుంటడు.
తెలుగుల తిట్టి, మరాఠీల బతిమాలి,
వసూలు కాడికొచ్చేసరికి
అందరం అరబ్బీలనే కొట్లాడుకుంటం.

ఇగ ఇది మా ఇంట్ల చెప్పే కథ:
రజాకార్ల లారీ వచ్చింది.
నాయనమ్మ తమ్ముణ్ణి ఎక్కించుకపోయింది.
చెప్పు ఒకటి రైలుకట్ట కాడ దొరికింది.
ఇది అందరూ చెప్తరు.

భాద్రపదంల, ఫౌజు వచ్చినంక, ఇంకో కథ.
అది ఎవరూ చెప్పరు.
నడిరాత్రి ఎవరో తలుపు కొట్టిండ్రు.
పేరు చెప్పలేదు.
"సిఫర్" అన్నరు, మెల్లగ, రెండుసార్లు.
లోపల మా తాత
దీపం ఆర్పిండు.

తెల్లారి గడప కాడ ఏమీ లేదు.
ఏమీ లేకపోవుడే
ఆయన బతికున్నన్ని రోజులు ఊడ్చిండు.

ప్రతి దీపావళికి కొత్త ఖాతా తెరిస్తే
మొదటి పేజీల మొదటి పద్దు ఇది:
ఖుద్దూస్ మున్షీ. బాకీ.
అంకె లేదు.
తాత రాసిండు, మా నాయన రాసిండు,
ఎంతని నేనెన్నడు అడుగలేదు.

నిన్న నా వంతు.
రసీదు పక్కన పెట్టుకొని పేరు రాసిన,
బాకీ అని రాసిన,
దాని ముందట సున్న చుట్టబోతే
చెయ్యి లేవలేదు.
మిర్చి ముట్టక రెండు రోజులాయె.
వేళ్ళు మాత్రం మండుతున్నయి.