సున్నా పట్టుకునేవాడు

సున్నా ఉన్న కొస నా చేతిలో.
ఇరవై ఆరేళ్లుగా అదే ఉద్యోగం.
అంకెలు చదివేది సర్వేయరు సూరిబాబుగారు,
వంగి నేలకి అదిమిపట్టేది నేను.

ఇవాళ అంగన్‌వాడీ గేటు దగ్గర అదిమాను.
గేటంటే గేటు కాదు,
పాత మంచం పట్టీలకి ఇనపతీగ చుట్టిన తలుపు.
గోడమీద అ అమ్మ, ఆ ఆవు.
ఆవు ముఖం నిండా ఖనిజం దుమ్ము.
హార్బరు వైపు నుంచి గాలి తిరిగిందంటే
ఈ పాతూళ్లో ఆరేసిన చీరలన్నీ ఒకే రంగు.

కొలవాల్సింది ఇక్కణ్ణుంచి
ఉప్పుగోదాం సందు చివర దాలమ్మ ఇంటి దాకా.
రెండువందల మీటర్ల లోపలైతే ఖాళీ చేయిస్తారు,
దాటితే ఎవరూ ఏమీ చూడనట్టే.

"కాకి ఎగిరినట్టు కొలవండి" అంటాడు
కాలనీ సంఘం కార్యదర్శి చలమాజీ,
చేతిలో అర్జీ, కింద నలభై మూడు సంతకాలు.
"కాకులేటైనా వస్తున్నాయా అక్కడికి?
మనిషి నడిచినట్టు కొలవండి" అంటాడు
ఇంటి ఓనరు పంపిన గుమస్తా.
సందుకి రెండు మలుపులు,
మలుపుకి పద్నాలుగు మీటర్లు కలిసొస్తాయి అతనికి.
సూరిబాబుగారు చెవిమీది పెన్సిలు తీసి,
మళ్లీ చెవిమీదే పెట్టుకున్నారు.

మొన్న ఆఫీసులో వార్డు మ్యాపు పరిచి
ఆయన కంపాసు తిప్పారు.
బడికో సున్నా, గుడికో సున్నా, చర్చికి, దర్గాకి,
హాస్టలుకి, ఆస్పత్రికి.
సున్నాలన్నీ ఒకదానిమీదొకటి ఎక్కి
వానాకాలం రోడ్డుమీద గుంటల్లా కలిసిపోయాయి.
ఏ సున్నాలోనూ పడని చోటు కోసం వెతికితే
రైల్వే యార్డు ముక్క కాస్త మిగిలింది,
ఆ తర్వాత సముద్రం.
"ఇక్కడికి మార్చమని రాద్దామా?" అన్నాను నీళ్లమీద వేలుపెట్టి.
ఆయన నవ్వలేదు.
నేనూ నవ్వించడానికి అనలేదు.

ముప్పై మీటర్లకో సుద్దగీత.
గీత దగ్గర మళ్లీ సున్నా.
మూతబడ్డ ప్రెస్సు, ఇడ్లీ బండి, సైకిలు షాపు.
నాలుగో గీత దగ్గర ఒక మాట చెప్పబోయి మింగేశాను:
ఈ దూరం నాకు తెలుసు.
పెళ్లికి ముందు, మొదటి బోనసు రాత్రి,
ఏ టేపూ లేకుండా నడిచాను.

దాలమ్మ అరుగుమీద చేపలు తోముతోంది. లేవలేదు.
"ఏటి బాబూ, ఈపాలి కొలతలకొచ్చేరా?
పిల్లలు పాడైపోతారని గదా మీ బెంగ.
ఆ బళ్లో పద్నాలుగుమందుంటే
అయిదుగురు మా ఇంటోళ్లే.
ఆళ్లకి రెండొందల మీటర్లు
ఎట్నుంచి కొలుస్తారో సెప్పండి."
చలమాజీ ఫోన్ చూసుకున్నాడు.
గుమస్తా కాగితంతో విసురుకున్నాడు.

లోపల్నుంచి ఒక పిల్ల వచ్చింది, లోవ దాని పేరు,
పలక చంకలో, రిబ్బను ఒక జడకే.
"టేపెందుకు?"
రోడ్డేస్తారమ్మా, అన్నాను.
మావాళ్లందరి నోటా మొదట వచ్చే అబద్ధం అదే.
"నాను అడుగుల్తో లెక్కెట్టీగల్ను" అంటూ బయల్దేరింది.
దానికి ఇరవై వరకే వచ్చు.
ఇరవై కాగానే ఆగుతుంది, ఊపిరి పీలుస్తుంది,
మళ్లీ ఒకటి.

పుస్తకంలో రాశారు సూరిబాబుగారు:
కాకి దారి, మ్యాపు ప్రకారం, నూట ఎనభై ఏడు.
మనిషి దారి, టేపు ప్రకారం, రెండువందల పదిహేను.
ఏది ఖాయమో పైవాళ్లు చూసుకుంటారట.
లోవ లెక్క రాయడానికి గడి లేదు.
అది గేటు దగ్గర చేతులు రెండూ ఎత్తి
"ఇరవైలు బోల్డున్నాయి!" అని అరిచింది.

మొదటి ముప్పై మరోసారి సరిచూసి
టేపు చుడుతున్నాను, అరచెయ్యి ఎర్రగా.
కొస ఎక్కడో బిగిసింది.
చూస్తే మంచం పట్టీల సందులోంచి
గుప్పెట్లో పెట్టుకునుంది పిల్ల,
సున్నాని.
సూరిబాబుగారు "లాగవోయ్" అన్నారు.
నేను చెప్పులో రాయి పడ్డట్టు వంగి
కాసేపు అలాగే ఉన్నాను.