ఉత్త రాయి

పచ్చ చార ఉన్న రాయి ఎడమకు,
ఉత్త రాయి కుడికి.
నాది ఎప్పుడూ కుడి తొవ్వనే.

సోహార్ గుట్టల నడుమ ఈ గని
ఎండిన మోటబాయి తీరు దిగుతది;
నీళ్లు ట్యాంకర్ల వచ్చి
దుమ్ము మీద పడి పోతయి.

గుల్‌జమాన్ నాలుగు బకెట్లు పోస్తడు.
నాలుగోది పడంగ నా నడుము లెక్క చెప్తది.

అంచుకు రివర్సుల పోతాంటే
అద్దంల ఆకాశం తప్ప ఏం ఉండదు.
తొట్టి లేస్తది.
గుట్ట కడుపుల తీసింది
ఇంకో గుట్ట అయితది,
పేరు పెట్టినోళ్లు లేరు.
ఆరేండ్ల కింద నా మొదటి ట్రిప్పు
అండ్ల ఏడున్నదో.

ఇయ్యాల అద్దంల మేక.
తాతల నాటి నుంచి
ఆ గుట్ట మీదనే మేసినట్టు నిలబడ్డది.
హారన్ కొట్టిన.
కదల్లే.

పదిహేడో ట్రిప్పు,
తొట్టి లేపకుండ కూసున్న.