సీలు వేసిన ఇంట్లో పిండి

మధ్యాహ్నం పన్నెండున్నరకి తలుపు మీద లక్క పోశారు.
పెంచలమ్మ గ్రైండర్ ఆపి అప్పటికి గంటే అయింది.
లోపల రెండు డేక్సాలు,
మర్నాడు నలభై ఇళ్ళకి పోవలసిన ఇడ్లీ పిండి.
ఉప్పేసి, చేత్తో అడుగునించీ తిప్పి, మూతలు పెట్టి
బయట కొళాయి దగ్గర చేయి కడుక్కుంటోందట,
వచ్చారు నలుగురు, వెనక ఒక పోలీసు, ఒక కెమెరా.

చేయి తుడుచుకోనిచ్చారు.
ఉన్నమాట చెప్పుకోవాలి కదా. మర్యాదస్తులే.

నోటీసు ఇంగ్లీషులో ఉంది.
పంచనామా తమిళంలో రాశారు.
పెంచలమ్మకి చదవొచ్చిన ఒక్క భాషా
నెల్లూరు నించి వాళ్ళమ్మ కొంగున ముడేసుకొచ్చింది,
అందులో ఏ కంపెనీ ఇన్నేళ్ళలో ఆవిడకి
ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.
సంతకం మాత్రం అందులోనే పెట్టించుకున్నారు,
పదకొండు చోట్ల.

రేకులు తీసి స్లాబు వేసుకోడానికి
అప్పు మూడు లక్షల ఎనభై వేలు.
కట్టింది నాలుగు లక్షల పది.
కట్టాల్సింది ఇంకా నాలుగు లక్షల ఇరవై.
వ్యాసర్పాడి కార్పొరేషన్ బళ్ళో
ఇరవయ్యారేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని,
ఈ లెక్క నాకు రాలేదు.

పోయినేడు అంజలై ఇంటికి మేం ఆలస్యంగా వెళ్ళాం.
అప్పటికే వానలో నిలబడుంది బీరువా,
దాని అద్దంలో మా సందంతా తడుస్తూ.
ఆ రోజు నేర్చుకున్నాం,
ఓదార్చడానికి కాదు, దానికి ముందు రావాలని.

ఇవాళ అందరికన్నా ముందొచ్చింది అంజలైయే.
చంకలో చాప.
ఇప్పుడు ఆవిడకున్న ఇల్లంతా అదే,
తెచ్చి పెంచలమ్మ గుమ్మం ముందు పరిచింది.

చీకటి పడేసరికి పదిహేడుగురం.
ఎళుమలై సందు మొగలో ఆటో అడ్డం పెట్టాడు.
ఏమయ్యా అంటే పంక్చరన్నాడు.
మూడు టైర్లూనా?
మూడూనే సార్, ఏం చెయ్యమంటారు, కాలం బాలేదు.

లా చదివే పిల్ల మలర్విళి
ఫోను వెలుగులో కాగితాలు తిరగేసి తిరగేసి
"టీచరమ్మా, అరవై రోజులు గడువివ్వాలి,
మీరొకసారి లెక్కపెట్టండి" అంది.
కేలండరు మీద పెట్టాను. వేళ్ళ మీద పెట్టాను.
ఆదివారాలు కలిపాను, మేడే కలిపాను,
కాగితం చేతికందిన రోజుని కూడా కలిపేశాను.
ఎంత సాగదీసినా యాభై రెండే.
ఈ లెక్క వచ్చింది నాకు.
ఎర్ర సిరాతో చుట్టాను, పాత అలవాటు.

తొమ్మిదింటికి వాసన మొదలైంది.
మే నెల మద్రాసు, కిటికీ లేని వంటగది,
పిండి ఎవరి మాటా వినదు.
దానికి స్టే ఇచ్చే కోర్టు ఎక్కడా లేదు.
పదిన్నరకి లోపల ఠంగుమని మూత పడింది,
పడి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.
మాట్లాడుతున్నవాళ్ళం మాట్లాడ్డం మానేశాం.
పొద్దుట్నించీ రాయిలా కూర్చున్న మనిషి
అప్పుడు నవ్వింది పెంచలమ్మ,
"ఈసారి మినుములు మంచివి."

కంపెనీ కాపలా పెట్టిన కుర్రాడు,
ఏ ఊరివాడో, మా రెండు భాషలూ రానివాడు,
మూత శబ్దానికి లేచి తాళం పట్టి చూశాడు.
తాళం బాగానే ఉంది.
మెహరున్నిసా ఇచ్చిన అన్నం తిని
గోడకానుకుని మళ్ళీ పడుకున్నాడు.

తెల్లారుజామున గడప కిందనించి తెల్లగా,
ముందొక బుడగ, తర్వాత నాలిక లాగా,
మెల్లగా చాప అంచు దాకా వచ్చింది.
ఎవరం తుడవలేదు.

ఆరింటికి రోజూ వచ్చేవాళ్ళు రోజూలాగే వచ్చారు,
చేతుల్లో తపేలాలు.
తలుపు చూశారు, లక్క చూశారు, మమ్మల్ని చూశారు.
వెళ్ళిపోతారనుకున్నాను, పిల్లల బడి టైము.
వెళ్ళారు కొందరు.
పేరైనా తెలీదు నాకు, రెండో సందు ఆవిడ,
తపేలా బోర్లించి
దాని మీద కూర్చుంది.