గిరాకి

చెంగల్రాయన్న గాలం కర్ర కొనేటప్పుడు
కళ్ళతో చూడడు.
మొదలు గొంతుగుంటకు ఆనించుకుని
కొన నా వైపు చాపి
"తట్టు" అంటాడు.
తడతాను.
"ఇంకా మెల్లగా.
చేప నీ మాదిరి తలుపు కొట్టదు."
చెన్నై నుంచి వచ్చిన కంపెనీ పిల్లోడు
టై సర్దుకుంటా నవ్వు ఆపుకుంటాడు.
పన్నెండిట్లో మూడు కర్రలు పక్కన పెట్టి
"ఇవి మూగవి నాయనా, తీస్కపో" అంటాడన్న.

నేనాయన దగ్గర లెక్కలు రాసేవాణ్ణి.
పందొమ్మిదేళ్ళు.
అంతకు ముందుదంతా విన్నదే:
కొర్లగుంటలో సైకిల్ పంచర్ల బంకు,
బంకు వెనక గోడకు ఆరు వెదురు కర్రలు,
పిడికి పాత ట్యూబు చుట్టలు,
నెమలీక కాడ కోసి బెండ్లు,
చచ్చిన బ్యాటరీల సీసం కరిగించి గుండ్లు.
కర్ర రెండు రూపాయలు.
చేప పడకపోతే రూపాయి వాపసు.
ఎవరూ వాపసు అడగలేదంట.
పడలేదని ఒప్పుకునే గాలమోడు
ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

ఆ తర్వాత స్వర్ణముఖిలో
నీళ్ళకన్నా ఇసక లారీలు ఎక్కువ పారినాయి.
కల్యాణి డ్యాం అడుగు నెర్రెలిచ్చి
మేకలు దిగి మేసినాయి.
ఏడాది పొడుగునా ఒక్క కర్ర పోలేదు.
సున్నలు రాసి రాసి
నా చేతిరాత గుండ్రంగా మారింది.
ఆ ఎండల్లోనే ఒకనాడు అన్న
అలిపిరి మెట్ల కాడ పొద్దుగుంకేదాకా కూర్చుని
జనం కాళ్ళు చూసి వచ్చినాడు.
"నీళ్ళెండితే చేప యాడికి పోతాదో చూడాలబ్బా.
ఈ ఊర్లో అన్నీ పైకి ఎక్కతాండాయి."

మరుసటి నెల మోకాలి పట్టీలు, టార్చిలైట్లు.
ఆపైన తలకోన అడవికి పోయే కాలేజీ పిల్లలకు
గుడారాలు, వీపు సంచులు, తాళ్ళు,
వానకు తడవని అగ్గిపెట్టెలు.
తిలక్ రోడ్డులో రెండంతస్తులు,
చిత్తూర్లో ఒకటి, మదనపల్లెలో ఒకటి.
"మీ వ్యాపార రహస్యం?" అన్నాడు బ్యాంకు మేనేజరు.
"ఊరికే కూర్చోడం సార్."
ఆ ముక్క రాయడానికి
ఆయన ఫారంలో గడి దొరకలేదు.

మంగళవారం మద్దేనం మూడయితే
ఎంత గిరాకి ఉన్నా అన్న అంగట్లో ఉండడు.

ఆ నవంబరు వాన మీరూ చూసే ఉంటారు.
రాత్రికి రాత్రి చెరువులు తెగి
వీధులకు తాము ఒకప్పుడు కాలవలమని గుర్తొచ్చింది.
తెల్లారి వెనక తలుపు గుండా దూరినాం.
స్లీపింగు బ్యాగులు
నిద్ర లేవని మనుషుల్లాగా తేలతాండాయి.
ఆపుకోలేక నేను మనసులోనే కూడుకుంటా పోయినాను.
పదహారు, పదిహేడు, పద్దెనిమిది లక్షలు.
గుడారాల వరస కింద ఏదో మసిలింది.

కొరమీను. మోచేయంత.

మస్తాను గోడ మీది వల గుంజినాడు,
ఏడువందల యాభై చీటీ దానికి వేలాడతానే ఉండాది.
అన్న చెయ్యెత్తి ఆపినాడు.
నాలుగు వందల కర్రలు గోడకానుకుని చూస్తాండాయి.
అది తొందరేమీ పడలేదు.
బూట్ల అరలు చూసింది,
లైఫ్ జాకెట్లు చూసింది,
కౌంటరు కాడ కాసేపు నిలబడింది.
మోకాలి లోతులో, ప్యాంటు మడవకనే,
అన్న దాని వెనకే పోయినాడు
కొత్త గిరాకి వెంబడి పోయినట్టు.
"అంతా చూసింది. ఏదీ నచ్చలేదు దానికి."
తుప్పు పట్టిన షట్టరు మూరెడు లేపినాడు.

పోతా పోతా తోక నా పిక్కకు తగిలింది.
పందొమ్మిదేళ్ళు కొన తట్టినోణ్ణి,
ఆ అదురు గొంతుగుంటలో ఎట్లుంటాదో
అప్పుడే తెలిసింది.
ఎవరితోనూ చెప్పలేదు.

మంగళవారానికి రోడ్లింకా తెగే ఉండాయి.
బురద ఎత్తి పోస్తా పోస్తా గడియారం చూసినాను.
మూడూ పది.
అన్న లేడు.