ఏడా, పదమూడా

టొలీడోలో, డోనట్ల కొట్టు మీద, లాయరు గది.
వెర్నా కొసిన్‌స్కీ కోటు విప్పకుండానే కూర్చుంది.
ఐపీ పెట్టడానికీ రెండు దారులట.

ఏడో చాప్టరంటే
ఉన్నదంతా చూపించి చేతులెత్తేయడం.
నాలుగు నెలల్లో తెరిపి.
పియానోలు శ్రుతి చేసే పనిముట్లు మీకే ఉంటాయి,
పడవ పోతుంది.
పదమూడంటే అయిదేళ్లు,
నెలనెలా సంపాదనలో కోత.
పడవ ఉంటుంది.

ఆ పడవ ఎనిమిదేళ్లుగా నీళ్లు చూడలేదు.
షెడ్డులో, టార్పాలిన్ కింద,
మొగుడు సగం వేసిన నీలం రంగుతో.
ఆసుపత్రి బిల్లులూ ఆయనవే.

"అయిదేళ్లకి నాకు డెబ్భై రెండు" అంది.
కింద నూనె కాగుతున్న వాసన.

పెన్ను అందుకుని, ఆగి:
"ఏడైతే,
పడవ కొనేవాడికి
మిగిలిన రంగు డబ్బా కూడా
ఇవ్వనిస్తారా?"