రెండో గాడి ఖాళీ

ఇరవై రెండు వేలు.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి నా చేతికిచ్చి
"బిల్లులు కొట్టుకునేదానికి, అంతే" అన్నాడు ఓనరు.
ఆ 'అంతే' దగ్గర కాస్త ఆగి
నా మొహం చూశాడు కూడా.

పాత మిషను పోయిన వానల్లోనే మూలిగి మూలిగి పడుకుంది.
టాలీ తెరవమంటే,
నేను టీ కాచి, తాగి, గ్లాసు కడిగొచ్చేదాకా
గుండ్రంగా ఏదో తిప్పుతూ కూర్చునేది.

మార్కాపురం బస్టాండు వెనక, మెట్ల కింద
ఖాజావలి కొట్టు.
అతను కూర్చుంటే మదర్‌బోర్డుకు చోటుండదు,
మదర్‌బోర్డు పరిస్తే నేను గడప బయట.
"డబ్బా అందంగా లేకపోయినా పర్లేదక్కా,
కరెంటు పెట్టె కాడ మాత్రం కక్కుర్తి పడొద్దు.
చవకది పేలిందంటే తనొక్కటే పోదు,
ఇంటిల్లిపాదినీ తీసుకుపోద్ది."
మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు సంగతి తెలిసినదాన్ని,
తలూపాను.

అట్టముక్క మీద రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు.
ర్యాము ఎనిమిది జీబీ, ఒక్క పుల్లే;
రెండో గాడి ఖాళీగా ఉంచుదాం,
చీటీ పాడినప్పుడు చూసుకుందువు.
మానిటరు ఒంగోల్లో ఏదో బ్యాంకు వేలంలోది,
కింది అంచున ఇంకా 'కౌంటర్ 3' స్టిక్కరు.
పదకొండు వందల తేడా దగ్గర పెన్ను ఆగింది.
"బిల్లులకైతే ఇది చాలు.
ఆటలు కూడా ఆడాలంటే
బొమ్మలు గీసే చిప్పు లోపలే ఉన్నది, ఇదీ.
నీకెందుకులే. ఇంట్లో పిల్లోళ్ళున్నారా?"

లేరు.
నాకు నలభై ఆరు.
సైకిలు కూడా రాదు.
రోజూ తర్లుపాడు బస్సులో డ్రైవరు వెనక సీటు.
అతను గేరు మార్చినప్పుడల్లా
నా ఎడమచెయ్యి ఒళ్ళోని టిఫిను బాక్సును
కొంచెం ముందుకు నెడుతుంది.
ఇవేవీ ఖాజావలికి చెప్పలేదు.
నా పర్సులోంచి పదకొండు వందలు తీసి
"దీనికి వేరే బిల్లు రాయి" అన్నాను.

బిగించింది ఫ్యాక్టరీలోనే,
పలకలు కట్టలు కట్టే బల్ల మీద.
ముందు కిటికీ చువ్వ ముట్టుకోమన్నాడు,
ఒంట్లో మెరుపేదైనా ఉంటే దిగిపోవాలట.
ప్రాసెసరును మూల చూసి గాడిలో వదిలాడు.
నొక్కలేదు. అదే కూర్చుంది.
దాని నెత్తిన పేస్టు, శనగబద్దంత.
ర్యాము నన్ను పెట్టమన్నాడు.

పెట్టాను. ఫ్యాను తిరిగింది. తెర నలుపు.
నలుపంటే మా పలక నలుపు:
తడిగుడ్డతో తుడిచి
ఇంకా ఎవరూ 'అ' పెట్టనిది.
చట్రాలు కొడుతున్న కాశమ్మ సుత్తి ఆపి
"డబ్బులు పాయె" అంది, చాలా మామూలుగా.

"భయపడతా పెట్టినావక్కా."
ఈసారి రెండు బొటనవేళ్ళతో, ఊపిరి బిగబట్టి.
టక్కు.
రెండో కొస కూడా, టక్కు.
తెల్లటి అక్షరాలు పైనుంచి కిందికి దిగాయి.

ఇక దుమ్ము. ఇక్కడ గాలిలో సగం రాయే.
నాయన దగ్గితే రుమాలు బూడిదరంగు తిరిగేది.
ముప్పై ఏళ్ళు పలక కోసిన ఆ ఛాతీకి
ఎవరూ జల్లెడ కట్టలేదు.
ఫ్యాను ముందు పాత దోమతెర రెండు మడతలేసి
నేనే బిగించాను.
శనివారం శనివారం విప్పి దులపాలి.
మర్చిపోను.

నిన్న సాయంత్రం ఆరూ పది.
చెన్నై పార్టీకి నూట ఇరవై పెట్టెల బిల్లు పంపి,
టాలీ మూసి,
ఎర్రకారు తెరిచాను.
అటూ ఇటూ మంచు, ఏ దేశపుదో ఘాటు రోడ్డు.
నాణ్యత 'తక్కువ'లో పెట్టమన్నాడు కాబట్టి
చెట్లు కొంచెం నలుచదరంగా ఉన్నాయి.
మొదటి మలుపులోనే గోడకు కొట్టా.
రెండోసారీ అక్కడే.
వెనక కాశమ్మ:
"బ్రేకు యాడుందమ్మే?"
"కింది బాణం."
"మరి తొక్కవేంది?"

ఆరూ నలభై బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.
విన్నాను.
ఏడున్నరకు ఇంకోటుంది.